ఒకే దేశంలో చోటుకో కనీస వేతనం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పుల్‌మన్, మాస్కో అని పక్కపక్కనే రెండు చిన్న ఊళ్లున్నాయి. ఈ మాస్కో రష్యాది కాదు. రెండూ యూనివర్సిటీ ఊళ్లే, మధ్య దూరం 13 కిలోమీటర్లు. పుల్‌మన్ వాషింగ్టన్ రాష్ట్రంలోకి వస్తుంది, మాస్కో ఐడహోలోకి. 2025లో పుల్‌మన్‌లో గంటకు కనీస వేతనం 16.66 డాలర్లు, మాస్కోలో 7.25. హోటల్లో ఎనిమిది గంటలు ప్లేట్లు కడిగితే ఒక ఊళ్లో కనీసం 133 డాలర్లు చేతికి రావాలి. రెండో ఊళ్లో 58 ఇచ్చినా చట్టం ఏమీ అనదు. కడిగే ప్లేట్లు అవే, సబ్బు అదే.

ఇలాంటి తేడాల గురించి తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి. రేట్లు ఏడాది తిరక్కుండానే మారుతుంటాయి కాబట్టి ప్రతి అంకె పక్కనా సంవత్సరం కూడా రాశాను. అంకెలు పాతబడినా వాటి వెనకున్న పద్ధతులు అంత త్వరగా మారవు.

దేశమంతా ఒకటే రేటు పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

కొన్ని దేశాలు అదే చేశాయి. బ్రిటన్ 1999లో గంటకు 3.60 పౌండ్లతో మొదలుపెట్టినప్పుడు లండన్‌కీ, మారుమూల పల్లెకీ ఒకటే రేటు అంది. ఇప్పటికీ అంతే. లండన్‌కు విడిగా ఒక లివింగ్ వేజ్ (బతకడానికి సరిపడే వేతనం) ప్రకటిస్తారు గానీ, అది ఇష్టమున్న కంపెనీలు ఇచ్చేది, చట్టం కాదు. జర్మనీ 2015లో 8.50 యూరోలు పెట్టినప్పుడు తూర్పు, పడమర తేడా చూపలేదు. ఫ్రాన్స్‌లో 1950 నుంచి ప్రాంతాన్ని బట్టి కొంత కోత ఉండేది, 1968 సమ్మెల దెబ్బకు అది ఎగిరిపోయింది.

అయితే ఒకసారి ఒకటే రేటు అన్నవాళ్లంతా అక్కడే నిలబడలేదు. థాయ్‌లాండ్ 2013లో దేశమంతటా రోజుకు 300 బాట్ అని ప్రకటించింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 2017లో, మళ్లీ ప్రాంతానికో రేటు వచ్చింది. 2025 జనవరికి ఆ దేశంలో 17 రేట్లున్నాయి, అతి తక్కువ 337, అతి ఎక్కువ 400. మెక్సికో 2015లో వేర్వేరు రేట్లున్న ప్రాంతాలను, అంటే జోన్లను, అన్నీ కలిపేసింది. 2019లో అమెరికా సరిహద్దు వెంబడి ఉన్న మునిసిపాలిటీలను విడదీసి, అక్కడి రేటును ఒక్కసారిగా 88.36 పెసోల నుంచి 176.72కు, అంటే సరిగ్గా రెట్టింపుకు పెంచింది. బ్రెజిల్ కథ ఇంకా పాతది. 1940లో 14 రేట్లతో మొదలై 1984కు ఒక్కటైంది. మళ్లీ 2000లో, జాతీయ రేటుకు పైన సొంత రేటు పెట్టుకోవచ్చని రాష్ట్రాలకు అనుమతిచ్చింది.

ఇలా ఎందుకు ఊగుతుందంటే, ఒక్క రేటుకు ఒక్కటే ఎత్తు ఉంటుంది. రాజధానికి సరిపడేలా పెడితే వెనకబడిన జిల్లాలో చిన్న వర్క్‌షాపు వాడు దాన్ని మోయలేడు, రికార్డులో ఒకటి రాసి చేతిలో ఒకటి పెడతాడు. వెనకబడిన జిల్లాకు సరిపడేలా పెడితే రాజధానిలో ఆ రేటు ఉన్నా లేనట్టే. అమెరికా ఫెడరల్ రేటుకు, అంటే కేంద్రం దేశమంతటికీ పెట్టిన రేటుకు, ఇప్పుడు పట్టిన గతి అదే. 2009 జులై 24 నుంచి 7.25 దగ్గర కదలకుండా ఉంది.

తేడాకు అసలు కారణం ధరలేనా?

అందరూ చెప్పే కారణం అది. కొంతవరకు నిజమే, ముఖ్యంగా ఇంటి అద్దెల విషయంలో. పోర్చుగల్‌లో సముద్రం మధ్యనున్న అజోర్స్ దీవులకు ప్రధాన భూభాగం కంటే 5 శాతం ఎక్కువ ఇస్తారు. 2024లో ప్రధాన భూభాగంలో 820 యూరోలైతే దీవుల్లో 861. దీవికి ప్రతిదీ ఓడలోనో విమానంలోనో రావాలి మరి. రష్యాలో ఉత్తరాది ప్రాంతాలకు చలి గుణకం ఉంది, అంటే చలి ప్రాంతమని జీతాన్ని ఇంత రెట్లని పెంచే లెక్క. ఆ గుణకాన్ని కనీస వేతనంలో కలిపేసి చూపించకూడదు, దాని మీద అదనంగా ఇవ్వాలి అని 2017 డిసెంబర్‌లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది.

కానీ పుల్‌మన్, మాస్కోల మధ్య ధరల్లో రెట్టింపు తేడా ఎక్కడుంటుంది? తేడా అంతా రెండు రాష్ట్రాల చట్టాల్లో ఉంది. వాషింగ్టన్‌లో ధరల సూచీ పెరిగితే కనీస వేతనం ఏటా దానంతట అదే పెరుగుతుంది. ఐడహో ఫెడరల్ రేటుతోనే సరిపెట్టుకుంది. నా లెక్కలో సగానికి పైగా తేడాలు ఇలాంటివే. వాటికి సమాధానం బజారు ధరల్లో దొరకదు, రేటు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో చూస్తే దొరుకుతుంది. అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరం 2016లో సొంతంగా 10.10 డాలర్లు పెట్టుకోబోతే, నగరాలకు ఆ హక్కు లేదంటూ రాష్ట్ర శాసనసభ ఫిబ్రవరిలో ఒక చట్టం చేసి దాన్ని చెల్లకుండా చేసింది. ఆ నగరంలో ధరలేమీ రాత్రికి రాత్రి తగ్గలేదు.

ఇంతకీ రేటు ఎవరు పెడతారు?

దేశానికో పద్ధతి. జపాన్‌లో 47 ప్రిఫెక్చర్లకు (మన రాష్ట్రాల లాంటి పాలనా ప్రాంతాలు) 47 రేట్లు. ముందు టోక్యోలో కేంద్ర మండలి కూర్చుని, ఈ ఏడాది ఇంత పెంచితే బాగుంటుందని ఒక అంకె చెబుతుంది. ఆ తర్వాత ప్రతి ప్రిఫెక్చర్‌లో కార్మికులు, యజమానులు, తటస్థులు కలిసిన మండలి తన రేటు తేల్చుకుంటుంది. కేంద్రం చెప్పినంతో, దానికి కొద్దిగా పైనో ఉండటం మామూలు. 2024లో మాత్రం కేంద్రం 50 యెన్‌లు అంటే తొకుషిమా 84 పెంచి, 896 నుంచి 980కి వెళ్లింది. రేటు తక్కువగానే ఉంటే పిల్లలంతా చదువులు కాగానే పక్క ప్రాంతాలకు వెళ్లిపోతారన్న బెంగ వాళ్లది. ఆ ఏడాది టోక్యో రేటు గంటకు 1,163, అకితాది 951.

ఫిలిప్పీన్స్‌లో 1989 చట్టంతో ప్రాంతీయ వేతన బోర్డులు వచ్చాయి. చైనాలో ప్రావిన్సులు పెడతాయి, చాలా ప్రావిన్సుల్లో మళ్లీ లోపల రెండు మూడు తరగతులు. వియత్నాంలో కేంద్ర ప్రభుత్వమే దేశాన్ని నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి నాలుగు రేట్లు ప్రకటిస్తుంది. 2024 జులైలో పెట్టిన రేట్లు మొదటి ప్రాంతంలో నెలకు 49.6 లక్షల డాంగ్‌లు, నాలుగో ప్రాంతంలో 34.5 లక్షలు.

ఒకేచోట రెండు రేట్లు వర్తిస్తుంటే ఏది లెక్క?

చాలా దేశాల్లో ఏది ఎక్కువైతే అది. అమెరికాలోని జార్జియా రాష్ట్ర చట్టంలో ఇప్పటికీ 5.15 అనే ఉంది. అయినా ఫెడరల్ చట్టం కిందకు వచ్చే ఉద్యోగికి 7.25 ఇవ్వాల్సిందే. కెనడాలో బ్యాంకులు, విమాన సంస్థలు, టెలికాం లాంటివి ఫెడరల్ పరిధిలో ఉంటాయి. వాటికి 2021 చివర్లో విడిగా రేటు వచ్చింది. పని చేసే ప్రావిన్సులో అంతకంటే ఎక్కువుంటే ఆ ఎక్కువే ఇవ్వాలి.

ఇల్లు ఒక జోన్‌లో, హెడ్డాఫీసు ఇంకో జోన్‌లో, పని మూడో జోన్‌లో. నాకు ఏ రేటు?

పని ఎక్కడ జరుగుతోందో అక్కడి రేటు. ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

జీతాల లెక్కలు చూసే పనిలో ఉన్న రోజుల్లో ఒక కంపెనీ మస్టర్లు నా చేతికొచ్చాయి. హెడ్డాఫీసు తక్కువ రేటు జోన్‌లో ఉంది, సెక్యూరిటీ గార్డులేమో పెద్ద నగరంలోని సైట్లలో ఉన్నారు. అందరికీ హెడ్డాఫీసు జోన్ రేటే కట్టారు. కావాలని చేశారని అనను. సాఫ్ట్‌వేర్‌లో చిరునామా అనే గడి ఒక్కటే ఉంది, అందులో ఎవరో కంపెనీ చిరునామా నింపేశారు. ఆ ఒక్క గడి వల్ల రెండేళ్ల పాటు ప్రతి గార్డుకూ ప్రతి నెలా కోత పడింది. బకాయిలు లెక్కకడితే వచ్చిన మొత్తం చూసి అకౌంట్స్ ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టేశాడు.

కాంట్రాక్టర్ ద్వారా చేరినవాళ్లకూ ఇదే సూత్రం. జపాన్ చట్టమైతే దీన్ని విడిగా రాసి మరీ చెప్పింది: ఏజెన్సీ ఆఫీసు ఎక్కడున్నా, మనిషిని పంపిన చోటి రేటే ఇవ్వాలి. రోజూ రెండు మూడు జోన్లు తిరిగే డ్రైవర్లు, డెలివరీ వాళ్ల విషయంలో మాత్రం నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. ఎక్కడ ఎన్ని గంటలు చేశారో రాసి పెట్టుకోవడం తప్ప దానికి అడ్డదారి లేదు.

వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే?

మామూలుగా మీరు కూర్చుని పని చేసే చోటే పని స్థలం. పెద్ద నగరంలోని కంపెనీకి పల్లెలో కూర్చుని పనిచేస్తే పల్లె రేటు వర్తించే అవకాశమే ఎక్కువ. ఒప్పందంలో అంతకంటే ఎక్కువ రాసుకుంటే దానికి ఏ చట్టమూ అడ్డు చెప్పదు.

జోన్ గీత ఎక్కడ పడాలో ఎలా తేలుస్తారు?

చెప్పాలంటే, ఎక్కడ గీసినా గీత పక్కవాడికి అన్యాయమే. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం 2016లో చట్టం చేసి మూడు రేట్లు పెట్టింది: పోర్ట్‌లాండ్ మహానగరానికి ఒకటి, మామూలు కౌంటీలకు ఒకటి, జనం పలచగా ఉన్న కౌంటీలకు ఒకటి. 2024 జులైలో అవి 15.95, 14.70, 13.70 డాలర్లు. పోర్ట్‌లాండ్‌కు గీసిన గీత కౌంటీ హద్దు కూడా కాదు, నగరం ఎంతవరకు పెరగొచ్చో ప్లానింగ్ వాళ్లు ముందే గీసి పెట్టుకున్న సరిహద్దు. అంటే ఒకే కౌంటీలో ఉన్న రెండు దుకాణాలకు రెండు రేట్లు పడవచ్చు.

వియత్నాం నియమం నాకు నచ్చుతుంది. ఒక పారిశ్రామిక వాడ రెండు వేర్వేరు ప్రాంతాల మీద పరుచుకుని ఉంటే, ఎక్కువ రేటున్న ప్రాంతానిదే మొత్తం వాడకు వర్తిస్తుంది. ఫ్యాక్టరీ గేటు ఈ పక్కకు మార్చి ఖర్చు మిగుల్చుకుందామనే ఆలోచనే రాదు.

జనాభాను చూసి ఊళ్లను ఏ, బీ, సీ అని వర్గీకరించే పద్ధతిలో ఇంకో చిక్కుంది. ఊరు పెరుగుతూ పోతుంది, జాబితా మాత్రం అక్కడే ఉంటుంది. శివారు పల్లె నగరంలో కలిసిపోయి అద్దెలు రెట్టింపైనా, జాబితాలో అది ఇంకా పల్లెగానే ఉంటే రేటూ పల్లెదే.

పెద్ద అంకె ఉన్నచోట కూలీకి నిజంగా ఎక్కువ మిగులుతుందా?

అంకెను చూసి చెప్పలేం. ముందు అది గంటకా, రోజుకా, నెలకా చూడాలి. నెల రేటైతే నెలలో ఎన్ని పనిరోజులు, రోజుకు ఎన్ని గంటలు అనుకుని పెట్టారో చూడాలి. తర్వాత అందులో ఏమేం కలిపారో చూడాలి. షాంఘైలో ఉద్యోగి వాటా సామాజిక బీమా కోత కనీస వేతనంలో కలవదు, అది పోగా కనీస వేతనం చేతికి రావాలి. చైనాలోనే చాలా ప్రావిన్సుల్లో ఆ కోత కూడా అందులోనే. కాబట్టి రెండుచోట్లా అంకె ఒకటే ఉన్నా చేతికొచ్చేది ఒకటి కాదు. అమెరికాలో టిప్పులు తీసుకునే వెయిటర్లకు ఫెడరల్ నగదు వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లే. టిప్పులతో కలిపి 7.25 చేరకపోతే మిగతాది యజమాని పూడ్చాలి. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం టిప్పులతో సంబంధం లేకుండా పూర్తి రేటు ఇవ్వాలి.

పరిశోధకులు ఇంకో కొలత వాడతారు. కనీస వేతనాన్ని ఆ ప్రాంతంలోని మధ్యస్థ వేతనంతో, అంటే అందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలబడ్డ మనిషి జీతంతో, భాగించి చూస్తారు. లెక్క కోసం ఒక ఊహ: నగరంలో మధ్య మనిషికి గంటకు 40, పల్లెలో 20 వస్తోంది అనుకుందాం. కనీస వేతనం నగరంలో 16, పల్లెలో 12. చూడ్డానికి నగరమే మెరుగు. కానీ నగరంలో అది మధ్య జీతంలో 40 శాతం, పల్లెలో 60 శాతం. పల్లె యజమానికి ఆ 12 బరువు, నగర యజమానికి 16 లెక్కలోదే కాదు. ఇక కూలీ వైపు నుంచి చూస్తే ఈ శాతాలతో పనిలేదు, అద్దె కట్టాక ఏం మిగిలిందనేదే లెక్క. రెండు కొలతలూ నిజమే. ఎవరు ఏ వాదన చేస్తున్నారో చూస్తే ఏ కొలత ఎందుకు తీశారో తెలిసిపోతుంది.

రేటు పెంచిన ప్రాంతం నుంచి ఉద్యోగాలు పక్కకు పోవా?

ఈ ప్రశ్న మీద ఆర్థికవేత్తలు ముప్పై ఏళ్లకు పైగా కొట్టుకుంటున్నారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో రేటును 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు రెండు పక్కలా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందూ తర్వాతా ఫోన్ చేసి అడిగారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనబడలేదు. వేరే లెక్కలు తీసి కాదన్నవాళ్లూ ఉన్నారు. ఇలాంటి పరిశోధనలకే కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. క్రూగర్ అప్పటికి లేడు.

ఫాస్ట్‌ఫుడ్ దుకాణం పక్క రాష్ట్రానికి పోలేదు, ఎందుకంటే తినేవాడు ఇక్కడే ఉన్నాడు. బూట్లు, బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి ఆ కట్టుబాటు లేదు. ఇండోనేషియాలో జకార్తా చుట్టుపక్కల రేట్లు పెరుగుతూ పోయేసరికి అలాంటి ఫ్యాక్టరీలు కొన్ని మధ్య జావాకు తరలిపోయాయి. 2025లో జకార్తా రేటు నెలకు సుమారు 54 లక్షల రూపియాలు, మధ్య జావా ప్రావిన్సు రేటు 21.7 లక్షలు. అంత తేడా ఉంటే ఏ యజమానైనా కదలకుండా ఉంటాడా? అందుకే ఈ ప్రశ్నకు అన్ని పనులకూ ఒకే జవాబు ఇచ్చేవాళ్లను నేను నమ్మను.

భారత్‌లో ఒకే ఊళ్లో ఇద్దరు స్వీపర్లకు రెండు రేట్లు ఎలా వస్తాయి?

1948 చట్టం నుంచీ కేంద్రానికీ, రాష్ట్రాలకూ వేర్వేరు పరిధులున్నాయి. రైల్వేలు, గనులు లాంటి చోట్ల కేంద్రం రేటు, మిగతాచోట్ల రాష్ట్రం రేటు. స్టేషన్ లోపల ఊడ్చేవాళ్లకు ఒకటి, స్టేషన్ ఎదురుగా ఉన్న షాపులో ఊడ్చేవాళ్లకు ఇంకొకటి అన్నమాట.

కేంద్రం రేటులో కూడా పని రకం, నైపుణ్యం, ఊరి తరగతి అని మూడు మెట్లు. 2017 జనవరిలో నిర్మాణ రంగంలో అన్‌స్కిల్డ్ పనికి మూల రేటు ఏ తరగతి ఊళ్లలో రోజుకు 523 రూపాయలు, బీలో 437, సీలో 350. దాని మీద ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారే కరువు భత్యం కలుస్తుంది. అలా కలుస్తూ 2024 అక్టోబర్ నాటికి ఏ తరగతి రేటు 783 అయింది. నెల లెక్క కావాలంటే 26తో గుణిస్తారు, 30తో కాదు: 20,358 రూపాయలు. వారం సెలవు జీతం అందులోనే ఉందని అర్థం.

జాతీయ కనిష్ఠ రేటు అంటూ 2017లో 176 రూపాయలు ప్రకటించారు గానీ, దానికి చట్టబలం లేదు, రాష్ట్రాలకు సలహా మాత్రమే. 2019లో చేసిన వేతనాల కోడ్ ఆ లోటు పూడ్చింది. కేంద్రం ఒక కనిష్ఠ రేటు పెడుతుంది, ప్రాంతాన్ని బట్టి అది వేర్వేరుగా ఉండొచ్చు, ఏ రాష్ట్రమూ దానికంటే కిందికి పోకూడదు. ఇప్పటికే ఎక్కువ ఇస్తున్న రాష్ట్రం దీన్ని చూపించి తగ్గించడానికీ వీల్లేదు.

తక్కువకు ఒప్పుకుంటున్నానని సంతకం పెడితే?

మామూలుగా చెల్లదు. కనీస వేతనం యజమానికీ కార్మికుడికీ మధ్య బేరం కాదు. భారత సుప్రీంకోర్టు 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో ఇంకా ముందుకెళ్లి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందకే వస్తుందని చెప్పింది.

అసలు కనీస వేతన చట్టమే లేని దేశాలుంటాయా?

ఉన్నాయి. స్వీడన్, డెన్మార్క్‌లలో యూనియన్లు, యజమాని సంఘాలు రంగాల వారీగా మాట్లాడుకుని రేట్లు తేల్చుకుంటాయి. స్విట్జర్లాండ్‌లో దేశవ్యాప్త రేటు లేదు గానీ, కొన్ని క్యాంటన్‌లు (అక్కడి రాష్ట్రాలు) సొంతంగా పెట్టుకున్నాయి. మొదట 2017లో నషతెల్. 2020లో జెనీవా జనం ఓటేసి గంటకు 23 ఫ్రాంకులు తెచ్చుకున్నారు.

నాకు రావాల్సిన రేటు సరిగ్గా వస్తోందో లేదో ఎలా చూసుకోవాలి?

పే స్లిప్, తాజా ప్రభుత్వ ఉత్తర్వు పక్కపక్కన పెట్టుకోండి. ఉత్తర్వులో ముందు అమలు తేదీ చూడండి. ఉత్తర్వు వచ్చిన తేదీ వేరు, అమల్లోకి వచ్చే తేదీ వేరు. ఉత్తర్వు ఆలస్యంగా వచ్చి, అమలు మాత్రం రెండు నెలల వెనక నుంచి అని ఉంటే ఆ రెండు నెలల తేడా కూడా రావాలి. తర్వాత మీ పని ఏ రంగం కింద పడుతుంది, పని చేసే చోటు ఏ జోన్, మీ నైపుణ్యం ఏ మెట్టు అని వరసగా చూసుకుంటూ ఉత్తర్వు పట్టికలో మీ రేటు ఉన్న గడి దగ్గరకు రండి. ఎక్కువమంది తప్పులో కాలేసేది నైపుణ్యం దగ్గర. పదేళ్లుగా వెల్డింగ్ చేస్తున్న మనిషిని కాగితం మీద హెల్పర్ అని రాస్తే, జోన్ రేటు సరిగ్గానే కట్టినా జీతం తప్పే.

చివరగా, ఓటీ (ఓవర్‌టైమ్) గంటలను విడదీసి చూడండి. పన్నెండు గంటల డ్యూటీకి వచ్చిన మొత్తాన్ని చూపించి కనీస వేతనం దాటిందిగా అంటారు. ఎనిమిది గంటలకు ఎంత వచ్చిందో వేరు చేసి ఉత్తర్వులోని గడితో పోల్చండి. తేడా కనిపిస్తే ఆ రెండు కాగితాల జిరాక్సులు, హాజరు వివరాలు తీసుకుని ముందు జీతాల సెక్షన్‌లో అడగండి. అక్కడ తేలకపోతే కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, దాని మీద తేదీ వేసిన రశీదు తీసుకోండి. బకాయి అడగడానికి చాలా దేశాల చట్టాల్లో గడువు ఉంటుంది, ఆ రశీదు లేకపోతే ఎప్పుడు అడిగారో నిరూపించడం కష్టం.